పన్నెండు వోల్టుల పట్టు

నేను ఒక వించిని. పేరు వినగానే మీరు నొసలు చిట్లిస్తే తప్పు మీది కాదు. నన్ను కొన్న మొదటి ఆసామికే నేనేమిటో నాలుగేళ్లపాటు సరిగ్గా తెలియలేదు. జీపు ముందు బంపరు మీద నా కాపురం. ఒక పక్క మోటారు, ఒక పక్క పళ్లచక్రాల డబ్బా, మధ్యలో ఇనుపతాడు చుట్టిన డ్రమ్ము. బండి బురదలో దిగబడితే, తాడు కొసనున్న కొక్కేన్ని ఎదురుగా ఏ చెట్టుకో బండకో తగిలించి బటను నొక్కాలి. అప్పుడు నేను బ్యాటరీ కరెంటు తాగి, తాడు చుట్టుకుంటూ బండిని బయటికి లాగుతాను. బావి గిలకకు దూరపు చుట్టాన్ననుకోండి. గిలక దగ్గర మనిషి లాగుతాడు, నా దగ్గర మనిషి నిలబడి చూస్తాడు. అంతే తేడా.

పుట్టింది ఏదో చలిదేశంలో. ఒంటి మీది పేరు రేకు చెరిగిపోయింది కనుక ఊరు చెప్పలేను. నా చక్రాలకు గ్రీసు పూసిన పనివాడు ఈల వేసుకుంటూ పూశాడన్నది మాత్రం గుర్తుంది. ఓడెక్కి విశాఖపట్నంలో దిగాను. స్థలాలు కొని అమ్మే ఒక పెద్దమనిషి నన్ను తన కొత్త బండికి బిగించుకున్నాడు. మగవాడి ముఖానికి మీసం ఎలాగో ఆయన బండికి నేనలాగ. ఫోటోల్లో మెరిశాను. పెళ్లిళ్లకు వెళ్లాను. బురద మాత్రం ఒక్కనాడూ చూడలేదు. చిన్న మట్టి మరక పడితే చాలు, పైపుతో జోరుగా నీళ్లు కొట్టి కడిగించేవాడు. ఆ నీళ్లు నా మోటారులోకి దిగాయి. సముద్రపు ఉప్పుగాలి మిగతా పని పూర్తి చేసింది. ఒకసారి బావమరుదుల ముందు గొప్పకు బటను నొక్కాడు. నేను మూలిగి ఊరుకున్నాను. "నాసిరకం సరుకు" అన్నాడాయన. మనుషులు తమ సోమరితనానికి పెట్టుకునే పేర్లలో అది ఒకటని తర్వాత తెలిసింది. బండి చేతులు మారింది. కొన్నవాడు నన్ను విప్పించి పాతసామాన్ల కొట్టుకు తోశాడు.

పాతసామాన్ల కొట్టులో రెండు వానాకాలాలు గడిపాను. నా ఒక పక్క బట్టలుతికే యంత్రం డొక్కు, ఇంకో పక్క తలుపుల్లేని ఫ్రిజ్జు. ఒకరినొకరం పలకరించుకునేంత ఓపిక ఎవరికీ లేదు.

అక్కడికి వచ్చింది గెమ్మెలి చిలకమ్మ. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, పొట్టి, గట్టి. పాడేరు కొండల మీద నేరేడుపుట్టు అనే ఊరిది. తండ్రి నడిపిన పాత జీపును ఆయన తర్వాత తనే నడుపుతోంది. సంతరోజు జనాన్నీ మూటలనూ దింపుతుంది, మిగతా రోజుల్లో ఎవరికి ఏ అవసరమొస్తే అటు. వంగి నా డ్రమ్మును చేత్తో తిప్పి చూసింది. మోటారు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. కాలిన వాసన లేదు.

"ఇది పనిసేస్తాదా బాబూ?" అని కొట్టువాణ్ణి అడిగింది.

"పనిచేస్తే నా దగ్గరెందుకుంటదమ్మా?" అన్నాడతను.

నా జీవితంలో విన్న మొదటి నిజాయితీ మాట అది. చిలకమ్మకు కూడా నచ్చినట్టుంది. ఫక్కున నవ్వి, కాటా మీద పెట్టమంది. పాత ఇనుము లెక్కన తూకానికి అమ్ముడయ్యాను.

ఆమెకు నేనెందుకో జీపులో వెళ్తుండగా తెలిసింది. పక్క సీట్లో కూర్చున్న ఆమె చిన్నాన్న బుడ్డన్న దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చేతికర్ర, కుంటి నడక. నేరేడుపుట్టు చేరాలంటే జారుడుగెడ్డ దాటాలి. గెడ్డ అంటే అక్కడి మాటలో వాగు. దాటడం కష్టం కాదు. దాటాక ఒడ్డెక్కడమే కష్టం. వానపడితే ఆ ఎర్రమట్టి ఏటవాలు నెయ్యి రాసినట్టుంటుంది. ఏటా వానాకాలంలో అక్కడ జనం దిగి జీపును తోసేవారు. కిందటి శ్రావణంలో అలా తోస్తుండగా బండి వెనక్కి జారి బుడ్డన్న కాలు విరిగింది.

"నీ జీపు నా కాలు తినీసినాది. ఇంక దానికి ఆకలేటుంటాది? ఎందుకు భయపడతావు?" అని ఆయన నవ్వేవాడు.

చిలకమ్మ నవ్వలేదు. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, తన బండి వెనక మనిషి భుజం పెట్టనివ్వనని. అంటే వానాకాలం మూడు నెలలూ జీపు గెడ్డ అవతలే ఆగిపోతుంది. ఊరు బియ్యం బస్తాలనూ ఉప్పునూ తలమీద మోసుకుని తొమ్మిది కిలోమీటర్లు నడుస్తుంది. వారం వారం ఆ నడక చూడలేక, ఏదో అడవిశాఖ బండికి ఇలాంటి యంత్రం ఉంటే చూసి, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొత్తది కొనే తాహతు ఆమెకు ఈ జన్మలో లేదు.

నన్ను తీసుకెళ్లి దింపింది కొండ కిందున్న మాడుగులలో, ఆడారి నూకరాజు కొట్టు ముందు. నలభై ఏళ్లు లారీల డైనమోలకూ సెల్ఫు మోటార్లకూ ప్రాణం పోసిన మనిషి ఆయన. ఇప్పుడు కొట్టు తలుపు సగం తెరిచి పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. కళ్లద్దాల మీంచి నన్ను చూశాడు.

"దీన్నేటమ్మా, సముద్రంలోంచి తీసేరా?"

"బతికించాల బాబూ. కంపెనీ సామాన్లు కొని వెయ్యడం నా వొల్ల కాదు."

"నేను పని మానేసి రెండేళ్లయింది. ఇదిగో చూడు." రెండు చేతులూ చాచాడు. వేళ్లు రావాకుల్లా వణుకుతున్నాయి. "స్క్రూ ఇక్కడుంటే స్క్రూడ్రైవరు చోడవరంలో దిగుతుంది."

"మీ చేతులొద్దు బాబూ, నాకున్నాయి. మీ నోరుంటే సాలు."

నూకరాజు పేపరు మడిచాడు. "ఈ మాట ఓసారి మా ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పు. నా నోరు కావలసినవాళ్లు కూడా లోకంలో ఉన్నారని తెలుస్తుంది."

అలా మొదలైంది నా వైద్యం. బండి తిరగని రోజుల్లో పొద్దున్నే చిలకమ్మ కొండ దిగి వచ్చేది. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆమె నేల మీద కూర్చుని చేసేది. మొదటి రోజే ఆమె సుత్తి తీసింది. నా బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి కదలడం లేదు మరి. నూకరాజు కేక వేశాడు. "దించమ్మా అది! కొడితే బోల్టు మెడ విరుగుతుంది. డీజిలు పోసి ఊరుకో. రేపటికి అదే బుద్ధి తెచ్చుకుంటుంది." ఆమెకు ఊరుకోవడం రాదు. ఆ రోజంతా నా చుట్టూ తిరిగింది. మర్నాడు స్పానరు పెట్టి తిప్పితే బోల్టు మెత్తగా తిరిగింది. ఆమె ముఖం వెలిగింది. "విప్పడానికి చేతులు చాలు, బిగించడానికే బుర్ర కావాలి" అంటూ ఆయన ప్రతి ముక్కనూ వరసగా పేపరు మీద పెట్టించి, పక్కనే సుద్దముక్కతో అంకె వేయించాడు.

నా పళ్లచక్రాల డబ్బా తెరిస్తే, ఈల వేస్తూ పూసిన ఆ గ్రీసు ముదురుపాకం బెల్లంలా గట్టిపడి ఉంది. కిరసనాయిలు పోసిన బిస్కెట్ల డబ్బాలో నానబెట్టి, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో ఒక్కొక్క పన్నూ తోమింది చిలకమ్మ. లోపల ఇనుము ఇంకా తళతళలాడుతోంది. పని చేయకపోవడం వల్ల నాకు కలిగిన మేలు అదొక్కటే, అరగలేదు. మోటారు సంగతి వేరు. విప్పగానే ఎర్రనీళ్లు కారాయి. ఎండలో రెండు రోజులు ఆరబెట్టారు. రాగి తీగ చుట్టు బాగానే ఉందని బల్బు పెట్టి చూసి తేల్చాడు నూకరాజు. రాగి మీద రాసుకుంటూ కరెంటు అందించే బొగ్గు ముక్కలు మాత్రం అరిగి, విరిగి ఉన్నాయి. నా కొలతవి ఆ చుట్టుపక్కల ఎక్కడా దొరకవు. ఆయన తన పాత పెట్టె వెతికించి, లారీ సెల్ఫు మోటారు బొగ్గుముక్కలు తీయించాడు. నా గూటికి అవి పెద్దవి. చిలకమ్మ గరుకురాయి మీద వాటిని అరగదీసింది. కొంచెం రాయడం, గూటిలో పెట్టి చూడడం, మళ్లీ కొంచెం రాయడం. సాయంత్రానికి ఆమె చేతులు, ముక్కు, చీరకొంగు అన్నీ నలుపే. "ఇప్పుడు నువ్వు మా కులంలో కలిశావు" అన్నాడు నూకరాజు.

కరెంటు దారిని తెరిచి మూసే రిలేలు నాలుగింటిలో రెండు చచ్చిపోయాయి. ఒక విరిగిన ట్రాక్టరు నుంచి రెండు తెచ్చి వేశారు. బటన్ల పెట్టె పోయింది కనుక, మూలపడ్డ గ్రైండరు బటన్లు పీకి సబ్బుపెట్టెలో బిగించారు. నా ఒంట్లో ఇప్పుడు ఎన్ని ఇళ్ల ముక్కలున్నాయో లెక్క లేదు. మనుషుల్లాగే నేనూ అందరూ కలిసి చేస్తేనే అయ్యాను.

అన్నిటికీ సర్దుకున్న నూకరాజు తాడు దగ్గర మాత్రం సర్దుకోలేదు.

"పైపైన తుప్పేగదా బాబూ, తుడిస్తే పోతాది" అంది చిలకమ్మ.

"గుడ్డతో తుడువు, చూద్దాం."

తుడిచింది. గుడ్డ జానెడుకొక చోట చిక్కుకుంది.

"ఆ చిక్కిన చోటల్లా తీగ తెగింది. బండి బరువు మీద ఇది తెగిందంటే తాడు కాదమ్మా, కొరడా. మనిషిని రెండు ముక్కలు చేస్తుంది. దేంట్లోనైనా పిసినారితనం చెయ్యి, తాడు దగ్గర చెయ్యకు."

ఆయన అక్కడితో ఆగలేదు. ఆమె చేతికే గ్రైండరు ఇచ్చి, ఆ తాడును ఆమె చేతనే ముక్కలు చేయించాడు. "ఉంచుకుంటే ఏదో ఒకరోజు అవసరం నీ చేత దీన్నే చుట్టిస్తుంది" అన్నాడు. నిప్పురవ్వలు ఎగురుతుంటే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రవ్వల వల్ల కాదని నాకు తెలుసు. కొత్తతాడుకు ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

మర్నాడు ఆమె జీపులోని పాటల పెట్టెను, రెండు స్పీకర్లతో సహా, అమ్మేసింది. ఆ కొండల్లో ఆమె జీపుకు పేరే పాటల జీపు. మలుపు అవతల ఉండగానే పాట వినపడేది, జనం మూటలు సర్దుకునేవారు. ఆ పెట్టె పోయి నాకు మెరిసే కొత్త తాడు వచ్చింది. ఊరు నాలుగు రోజులు అలిగింది. పాట లేని లోటు తీరుస్తానని బుడ్డన్న తనే అందుకున్నాడు. ఆయన గొంతు విన్నాక ఊరి అలక రెట్టింపయింది.

కొట్టు ముందే నన్ను జీపు బంపరుకు బిగించి పరీక్షించారు. ఇటుకలు నింపిన ట్రాక్టరు తొట్టిని లాగాలి. వీధి సగం వచ్చి నిలబడింది. చిలకమ్మ సబ్బుపెట్టె మీద బటను నొక్కింది. నేను బ్రహ్మాండంగా తిరిగాను, వెనక్కి. లాగాల్సింది పోయి తాడు వదులుతూ పోయాను. "పురిటిగదిలోనే ఎదురు తిరిగింది" అని ఎవరో అన్నారు, వీధంతా గొల్లున నవ్వింది. నూకరాజు చలించలేదు. రెండు వైర్లు అటూ ఇటూ మార్పించాడు. ఈసారి తాడు బిగిసింది. తొట్టి ఒక్క క్షణం ఆలోచించుకుంది. తర్వాత నా వైపు నడిచి వచ్చింది. నూకరాజు పొడుగాటి స్క్రూడ్రైవరు కొస నా డబ్బాకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, డాక్టరులా కళ్లు మూసుకుని విన్నాడు.

"బతికింది" అన్నాడు.

కూలి ఏమివ్వమంటారని చిలకమ్మ అడిగితే, "వానల్లో ఓసారి నన్ను ఎక్కించుకుపో. బరువు మీద ఎలా మూలుగుతుందో వినాలి" అన్నాడు.

శ్రావణంలో ఆ రోజు వచ్చింది. సంత నుంచి తిరుగు ప్రయాణం, మధ్యాహ్నం మూడైంది. ముందు సీట్లో నూకరాజు, వెనక బుడ్డన్న, ఆరుగురు ఆడవాళ్లు, బియ్యం, ఉప్పు, ఉల్లిపాయలు, ఒక సైకిలు. కొండపైన ఎక్కడో కుండపోత. జారుడుగెడ్డలో దిగేసరికి నీళ్లు చక్రాల సగానికున్నాయి. దాటారు. ఒడ్డు సగం ఎక్కాక జీపు నాలుగు చక్రాలూ గిర్రున తిరిగి వెనక్కి జారింది. వెనక చక్రాలు మళ్లీ నీళ్లలో పడ్డాయి. నీళ్లు పెరుగుతున్నాయి.

చిలకమ్మ అందరినీ దించి పక్కనున్న బండ మీదికి పంపింది. నూకరాజు దిగనన్నాడు. "వినడానికొచ్చాను, దూరం నుంచేం వింటాను?" ఆమె వాన్లో పైకి పాకి, పనసచెట్టు మొదలుకు మెత్తటి పటకా చుట్టి, నా కొక్కేన్ని తగిలించింది. తాడు మీద తడి గోనెసంచి వేసింది, ఒకవేళ తెగినా ఎగిరి కొట్టకుండా. తిరిగి చూస్తే బుడ్డన్న కర్ర పక్కన పెట్టి జీపు వెనక భుజం ఆనించి నిలబడి ఉన్నాడు.

"చిన్నాన్నా!" ఆమె అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "ఎల్లిపో అక్కణ్ణించి!"

"నలభయ్యేళ్ల అలవాటే పిల్లా. మరి నాకేటి పని?"

"బండమీదకెల్లి పాట పాడు. అదే నీ పని!"

ఆయన వెళ్లి నిజంగానే పాడాడు. వాన హోరు కూడా ఆ పాటను ముంచలేకపోయింది.

చిలకమ్మ స్టీరింగు దగ్గర కూర్చుని బటను నొక్కింది. తాడు వీణతీగలా బిగిసింది. అప్పటిదాకా నేను మోసిన బరువులు బరువులే కావు. జీపు, బియ్యం, మట్టి, గెడ్డ నీళ్లు అన్నీ కలిసి నన్ను వెనక్కి లాగుతున్నాయి. మూలిగాను. నూకరాజు స్క్రూడ్రైవరు అక్కర్లేకుండానే విన్నాడు. "ఆపు. ఊపిరి పీల్చుకోనీ" అన్నాడు. ఆపింది. నా ఒళ్లు వేడెక్కి వానచినుకులు ఆవిరవుతున్నాయి. మళ్లీ నొక్కింది. జానెడు, మూరెడు, బారెడు. వెనక చక్రాలు నీళ్లు వదిలాయి. ముందు చక్రాలు గట్టినేల అందుకున్నాయి. బండ మీద ఆడవాళ్లు కేరింతలు కొట్టారు. చిలకమ్మ బటను మీంచి వేలు తీసింది.

నేను ఆగలేదు.

దాచడం దేనికి, తప్పు నాదే. ట్రాక్టరు నుంచి తెచ్చిన రిలే ఒకటి వేడికి అతుక్కుపోయింది. వేలు తీసినా కరెంటు వస్తూనే ఉంది. జీపు పనసచెట్టు వైపు పోతూనే ఉంది. ఇంకో రెండు బారలు లాగితే కొక్కెం వచ్చి నా ముక్కుకు కొట్టుకుంటుంది, తాడు పుటుక్కుమంటుంది, ఎదురుగా అద్దం వెనక ఇద్దరు మనుషులు. చిలకమ్మ బటన్లన్నీ నొక్కింది. బ్రేకు తొక్కింది. బ్రేకును కూడా నేను ఈడ్చుకుపోతున్నాను.

నూకరాజు వంగాడు. బ్యాటరీ కరెంటు మొత్తాన్ని ఆపే మీట ఒకటి ఆయన కాళ్ల దగ్గర ఉంది. వేళ్లు అందుకోబోయి జారాయి, మళ్లీ జారాయి. అప్పుడాయన చెయ్యి మానేసి మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు.

నేను ఆగాను. వాన, దాని మీద బుడ్డన్న పాట.

కొక్కేనికీ నాకూ మధ్య మూరెడు దూరం ఉంది. చిలకమ్మ స్టీరింగు మీద తల ఆనించి ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు ఆమెకే తెలియలేదు. నూకరాజు అన్నాడు, "రిలే పాతదెయ్యడం నా బుద్ధితక్కువ. తాడు దగ్గర పిసినారితనం వద్దని నీకు చెప్పి, నేను రిలే దగ్గర చేశాను." ముసలి మేస్త్రి తన తప్పు ఒప్పుకోవడం కోసమైనా నేను ఆ తప్పు చేయడం మంచిదే అయింది. ఆయన దిగి, రిలేను స్పానరుతో తట్టి విడగొట్టాడు. జీపు తన కాళ్ల మీద తనే ఇల్లు చేరింది.

తర్వాతి మంగళవారమే కొత్త రిలేలు పడ్డాయి. ఆ వానాకాలంలో నేరేడుపుట్టు జీపు ఒక్క సంత కూడా తప్పలేదు. దారికడ్డం పడ్డ సిల్వరోకు చెట్టును లాగాను. బురదలో కూరుకుపోయిన పాలవ్యానును లాగాను. కొలతలకొచ్చిన ఒక ఆఫీసరు గారి బండిని లాగాను. ఆయన థాంక్స్ చిలకమ్మకు కాకుండా నా బంపరుకు చెప్పాడు, అంత సిగ్గుపడ్డాడు. చిలకమ్మ ఇప్పుడు మంగళవారాలు మాడుగులలో సెల్ఫు మోటార్లు విప్పుతుంది. నూకరాజు కుర్చీలోంచి చెబుతుంటాడు. కొట్టు తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. నోరు ఒకరిది, చేతులు ఒకరివి, పేరు మాత్రం ఇద్దరిదీ.

రెండేళ్లకు జారుడుగెడ్డ మీద వంతెన మంజూరైంది. ఇనుపకడ్డీల లారీ ఆ ఒడ్డెక్కలేకపోయింది. ఎవర్ని పిలిచారంటారు? నన్నే. మూడు రోజులు కట్టలు కట్టలుగా కడ్డీలను పైకి లాగిపోశాను. నా పని పోగొట్టే వంతెనకు నేనే ఇనుము మోసిపెట్టాను. మనుషులైతే ఇలాంటి చోట మూతి ముడుస్తారు. నాకు మూతి లేదు, కొక్కెం ఉంది. అది ఎప్పుడూ ముందుకే చూస్తుంది.

వంతెన తెరిచిన రోజు జీపు దాని మీద అర నిమిషంలో దాటిపోయింది. ఎవరూ దిగలేదు, ఎవరూ తోయలేదు, ఎవరూ నా వైపు చూడలేదు. ఇక మళ్లీ మీసంగా మిగిలిపోతానేమో అనుకున్నాను.

పది రోజులు గడిచాయి. వంతెన దగ్గర ఒక నడివయసు మనిషి జీపుకు చెయ్యెత్తింది. నేరేడుపుట్టుకు పైన, ఇంకో కొండ మీద, పదకొండు గడపల ఊరట ఆమెది. "మా ఊరికి బండన్నది రానేదమ్మా. దారున్నాది, నిలువుగా ఉన్నాది. నువ్వు వొస్తావని సెప్పుకుంటన్నారు" అంది.

చిలకమ్మ జీపు దిగి ఆ దారి మొదట్లోకి నడిచింది. కొంగు నడుముకు దోపి, వంగి మట్టి పిడికెడు తీసి నలిపి చూసింది. పైనున్న మలుపును చూసింది, మలుపు దగ్గరున్న పెద్దబండను చూసింది. తర్వాత వెనక్కి వచ్చి, నా డ్రమ్ము మీద చెయ్యి వేసి, తాడు చేత్తో లాగితే వచ్చేలా క్లచ్చు మీట వదులు చేసింది.

తాడు కొస భుజానేసుకుని ఆమె ఎక్కుతోంది. నేను వదులుతున్నాను.